నెలన్నర నడిచినా కిలో కూడా తగ్గలేదంటే నడక దండగేనా?

ముందు ఆ బరువు మిషన్ తీసుకెళ్ళి అటక మీద పెట్టండి. మూడు నెలల దాకా దించొద్దు.

మీరు రాసిందంతా చదివాను. 42 ఏళ్ళు, అనంతపురంలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా కుర్చీ ఉద్యోగం, పరగడుపు షుగర్ 114, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2, ట్రైగ్లిజరైడ్లు 236, మంచి కొలెస్ట్రాల్ 34, స్కానింగులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను కొలిచే హైసెన్సిటివిటీ సీఆర్‌పీ 4.6. నెలన్నరగా పీటీసీ గ్రౌండులో రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నారు, బరువు మాత్రం 74 కిలోల నుంచి 73.6కి వచ్చి అక్కడే నిలబడింది. దాంతో మీకు మూడు అనుమానాలు వచ్చాయి. ఈ నడక దండగా? రిపోర్టులో రాసిన ఇన్‌ఫ్లమేషన్ అసలు ఒంట్లో ఎక్కడుంది, నాకేం నొప్పి లేదే? ఎవరో నెలకు 2,400 రూపాయలకు అమ్ముతున్న "ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే పౌడర్" కొనాలా?

మూడోదానికి ఒక్కటే మాట, కొనొద్దు. మిగతా రెండూ నిజానికి ఒకటే ప్రశ్న, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా. నేను జనరల్ ఫిజీషియన్‌ని, ఈ జిల్లాలోనే ఇరవై ఆరేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నా, మీలాంటి రిపోర్టు వారానికి పది చూస్తాను. అలాంటి రిపోర్టు ఒకటి నా పేరు మీద కూడా వచ్చింది, ఆ సంగతి తర్వాత చెప్తా.

ఇన్‌ఫ్లమేషన్ అనగానే అందరికీ వాపు, ఎరుపు, నొప్పి గుర్తొస్తాయి. కాలికి ముల్లు గుచ్చుకుంటే వచ్చేది అదే, నాలుగు రోజుల్లో దాని పని అది చేసుకుని పోతుంది. మీ రిపోర్టులోది ఆ రకం కాదు. బుడ్డల మిల్లు దగ్గర పొట్టు కుప్ప ఎప్పుడైనా అంటుకోవడం చూశారా? మంట కనబడదు, పొగ కూడా సరిగా రాదు, మామూలు కుప్పే అనుకుని పక్కనుంచి పోతాం, దాంట్లో చెయ్యి పెడితే మాత్రం కాలుతుంది. రోజుల తరబడి అట్లాగే లోలోపల కాలుతూ ఉంటుంది. మీ పొట్టలో, చర్మం కింద చేతికి దొరికే కొవ్వు కాదు, పేగుల చుట్టూ లోపల పేరుకునే కొవ్వులో జరుగుతున్నది దాదాపు అదే. అక్కడి కొవ్వు కణాలు పట్టనంత నిండిపోయి కొన్ని చచ్చిపోతాయి, వాటిని ఊడ్చిపారేయడానికి మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వచ్చి చేరతాయి. వచ్చినవి పని చేసి పోవు, అక్కడే మకాం పెట్టి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు వదులుతూ కూర్చుంటాయి. అక్కడి రక్తం నేరుగా పోయేది లివర్‌కే. లివర్ ఆ కబురు అందుకుని సీఆర్‌పీ తయారు చేస్తుంది. అంటే సీఆర్‌పీ మీ జబ్బు కాదు, కుప్ప కాలుతోందని చెప్పే వాసన.

లెక్క ఏమిటంటే 1 లోపు ఉంటే మంచిది, 1 నుంచి 3 మధ్యరకం, 3 దాటితే గుండె విషయంలో జాగ్రత్త పడాలి. 10 దాటిందంటే మాత్రం అది ఈ బాపతు కాదు, ఏదో ఇన్‌ఫెక్షనో అలాంటి ఇంకో కారణమో ఉండొచ్చు, తగ్గాక మళ్ళీ చేయించుకోవాలి. మీ 4.6ని కూడా ఒక్కసారికే నమ్మొద్దు. ఆ వారంలో జలుబో జ్వరమో ఉందా, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, సిగరెట్ అలవాటుందా, ఇవేవీ మీరు రాయలేదు. చిగుళ్ళ జబ్బు ఒక్కటి చాలు సీఆర్‌పీ పెరగడానికి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ టీఎన్‌ఎఫ్ చేసే అసలు చెరుపు ఇంకొకటుంది. ఇన్సులిన్ వచ్చి కణం తలుపు తట్టినా లోపల వినబడకుండా చేస్తుంది. దాంతో షుగర్ రక్తంలోనే తిరుగుతుంది, ప్యాంక్రియాస్ ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది, అది లివర్‌లో ఇంకా కొవ్వు చేయిస్తుంది. మీ 114, మీ 236, మీ ఫ్యాటీ లివర్, మీ 4.6, మీరు నాలుగు జబ్బులనుకుని టెన్షన్ పడుతున్నారు, అంతా ఒకటే కథ.

ఇప్పుడు కండ సంగతికి వద్దాం. "మా నాయన డెబ్బై ఏళ్ళ దాకా సేద్యం చేసినాడు, పూటకు రెండు ముద్దలు సంగటి తినేవాడు, షుగర్ అన్న మాటే లేదు, నేను ఒక్క ముద్ద తింటేనే ఇట్లా" అని రాశారు కదా, మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన ముక్క అది. మనం తిన్న పిండిపదార్థంలో పెద్ద వాటా దాచుకోవాల్సింది కండలే. మామూలు మనిషి కండలన్నీ కలిపి 400 గ్రాముల దాకా చక్కెరను గ్లైకోజెన్‌గా దాచుకోగలవు, లివర్‌లో పట్టేది దాంట్లో నాలుగో వంతు. పాత రోజుల్లో కర్నూలు వైపు జొన్నలు పాతరలో పోసేవాళ్ళు కదా, కండ అట్లాంటి పాతర. మీ నాయన ప్రతి రోజూ మడక పట్టి, గొడ్లకు మేత మోసి, సాయంత్రానికి ఆ పాతర సగానికి సగం ఖాళీ చేసేవాడు, రాత్రి సంగటి దాంట్లోకి పోయేది. మీ పాతర నిన్నటి జొన్నలతోనే నిండి ఉంది, ఈరోజు బండి జొన్నలు వాకిట్లో నిలబడ్డాయి. ఏం చేస్తాం, ఎక్కడో ఒక చోట దించాలి కాబట్టి లివర్ దించుకుని కొవ్వుగా మారుస్తుంది, కొంత తనలోనే పెట్టుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి తోస్తుంది.

కండ కదిలితే రెండు జరుగుతాయి. ఒకటి, పాతర ఖాళీ అవుతుంది, అది ఎవరికైనా అర్థమయ్యేదే. రెండోది వినడానికి కొంచెం వింతగా ఉంటుంది. గ్లూకోజ్‌ను కణంలోకి తీసుకెళ్ళే గ్లూట్-4 అనే ప్రొటీన్లు మామూలుగా కణం లోపల దాక్కుని ఉంటాయి, ఇన్సులిన్ పిలిస్తే గోడ దగ్గరికి వస్తాయి. కండ ముడుచుకున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ పిలుపుతో పని లేకుండా వేరే దారిలో గోడ దగ్గరికి వచ్చేస్తాయి. ముందు వాకిలి గడియ తుప్పు పట్టినా పెరటి తలుపు తెరుచుకున్నట్టు. పైగా ఒకసారి బాగా కదిలిస్తే ఆ తర్వాత ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట కండకు మామూలు కంటే బాగా వినబడుతుంది. ఆ తర్వాత ఆ గుణం దిగిపోతుంది. అందుకే నేను పేషెంట్లకు చెప్పేది, ఆదివారం రెండు గంటలు నడిచి ఆరు రోజులు కూర్చోవద్దు, రెండు రోజులకు మించి గ్యాప్ ఇవ్వొద్దు అని.

కదలకపోతే ఎంత తొందరగా చెడుతుందో కూడా చూశారు. డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళను రోజుకు సుమారు 10,000 అడుగుల నుంచి 1,500 లోపుకు దించి రెండు వారాలు ఉంచితే, ఇన్సులిన్ పనితనం పడిపోయింది. రెండే వారాలు. బండి మీద వీధి చివర పాల ప్యాకెట్‌కు పోయే మన ఊరి సంగతి ఇంక చెప్పాలా.

ఇక ఆ లోపలి మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్ సంగతి. ఇంతకుముందు ఇంటర్‌ల్యూకిన్-6 చెడ్డదన్నాను కదా, తమాషా ఏమిటంటే పని చేసే కండ కూడా అదే వదులుతుంది, అదీ మామూలు కంటే ఎన్నో రెట్లు. కోపెన్‌హాగన్‌లో పెడర్సన్ అనే డాక్టరమ్మ బృందం దీని మీద చాలా ఏళ్ళు పని చేసింది, కండ వదిలే ఇలాంటి వాటికి 'మయోకైన్లు' అని పేరు పెట్టింది వాళ్ళే. కొవ్వు నుంచి వచ్చేది ఇరవై నాలుగు గంటలూ కారే కుళాయి లాంటిది. కండ నుంచి వచ్చేది ఒక్కసారి ఉప్పొంగి, ఆపిన కొద్ది గంటల్లో దిగిపోతుంది, పోతూ పోతూ మంటను ఆర్పే ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి వాటిని లేపి పోతుంది, టీఎన్‌ఎఫ్‌ను అణుస్తుంది. 2003లో వాళ్ళు చేసిన పరీక్షలో ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు కొంచెం బ్యాక్టీరియా విషం రక్తంలోకి ఎక్కించారు. ఊరికే పడుకున్న రోజు టీఎన్‌ఎఫ్ పైకి లేచింది, మూడు గంటలు సైకిల్ తొక్కిన రోజు అదే విషానికి లేవలేదు. 2019లో ఇంకో అడుగు ముందుకేశారు. పొట్ట ఉన్నవాళ్ళతో పన్నెండు వారాలు సైకిల్ తొక్కించి, కొందరికి ఇంటర్‌ల్యూకిన్-6 పని చేయకుండా ఆపే ఇంజెక్షన్ ఇచ్చారు. మామూలుగా తొక్కినవాళ్ళకు పేగుల చుట్టూ కొవ్వు తగ్గింది, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళు అంతే తొక్కినా తగ్గలేదు. అంటే ఆ లోపలి కొవ్వును కరిగించే కబురు కండ నుంచే పోతోంది. కండను మందుల షాపు అని నేను అనుకునేది ఊరికే కాదు.

అయితే అబద్ధం చెప్పను, వ్యాయామం ఒక్కదానితో సీఆర్‌పీ అమాంతం పడిపోదు. కొద్దిగా తగ్గుతుంది, నడుము చుట్టుకొలత కూడా తగ్గితే ఎక్కువ తగ్గుతుంది. 4.6 కాస్తా నెలకు 0.5 అవుతుందని ఎవరైనా చెప్తే వాళ్ళ దగ్గర పౌడర్ డబ్బా ఉందని అనుకోండి.

మరి బరువు ఎందుకు తగ్గలేదంటారా? 74 కిలోల మనిషి నలభై నిమిషాలు కాస్త వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 150 నుంచి 200 కేలరీలు. గ్రౌండు నుంచి ఇంటికి పోతూ ఒక ప్లేటు ఉగ్గాని, మూడు మిరపకాయ బజ్జీలు తింటే అప్పు తీరకపోగా వడ్డీ మిగులుతుంది. మీరు తిన్నారని అనడం లేదు, నేను తిన్నాను కాబట్టి చెప్తున్నా. బరువు తగ్గేది ఎక్కువ భాగం కంచం దగ్గర, జీవక్రియ బాగుపడేది కాళ్ళ దగ్గర. ఈ రెంటినీ కలిపేసుకుని, మిషన్ మీద ముల్లు కదల్లేదని నడక మానేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ.

దీనికి మన పక్కనే జరిగిన సాక్ష్యం ఉంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాగే షుగర్ అంచు మీదున్న 531 మందిని మూడేళ్ళు గమనించింది, 2006లో ఫలితాలు వేశారు. ఏమీ చేయని గుంపులో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్న గుంపులో 39 శాతం చిల్లర. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళలు వేసుకున్న గుంపుకూ దాదాపు అంతే, రెండూ కలిపినా అదనంగా ఒరిగిందేమీ లేదు. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే, నడక గుంపులో చెప్పుకోదగ్గంత బరువు తగ్గలేదు. అయినా షుగర్ ఆగింది. షుగర్ ఉన్నవాళ్ళ మీద జరిగిన 14 ట్రయల్స్‌ను కలిపి 2001లో చూసినప్పుడు కూడా ఇదే, వ్యాయామంతో హెచ్‌బీఏ1సీ సుమారు 0.66 తగ్గింది, బరువులో తేడా లేదు. లివర్‌లో కొవ్వు కూడా అంతే, మిషన్ మీద ఏమీ కనబడకపోయినా తగ్గుతుంది.

ఇప్పుడు నా కథ. 2021లో నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. రోజుకు అరవై మందికి "నడవండి, నడవండి" అని కుర్చీలోంచి కదలకుండా చెప్పిన మనిషిని నేను. సిగ్గేసి, ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకున్నా. ఆదివారం పొద్దున మా ఆవిడ ఒకే గిన్నెతో బొరుగులు కొలిచి ఉగ్గాని చేసింది, బజ్జీలు రెండే. మొదటి వారం తిని పేపర్ చదువుతూ కూర్చున్నా. తినకముందు 104, గంట తర్వాత 189. రెండో వారం అదే ఉగ్గాని, అవే రెండు బజ్జీలు, చెయ్యి కడుక్కుని మా వీధిలోనే పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగా, వేగం కూడా పెద్దగా లేదు, ఎదురైన వాళ్ళందరితో మాట్లాడుతూనే. తినకముందు 106, గంటకు 147. ఇంట్లో మీటర్లు కొంచెం అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి నాకే నమ్మకం కుదరక ఇంకో రెండు విడతలు చేశా, తేడా ఎప్పుడూ ముప్పైకి తగ్గలేదు. "మీ వేళ్ళకు చిల్లులు, నాకు వారం వారం ఉగ్గాని చాకిరీ" అని ఆవిడ గొడవ. ఇది శాస్త్రం కాదు, ఒక్క మనిషి సరదా. కానీ తిన్నాక కొద్దిసేపు నడిస్తే భోజనం తర్వాతి షుగర్ తక్కువ లేస్తుందని పెద్ద పరీక్షల్లోనూ తేలిందే, అది నా వేలి మీద నేను చూసుకున్నా, అంతే.

అందుకే మీ నలభై నిమిషాల నడకను మానమనను, కానీ దాన్ని పొద్దున ఒక్కసారే ఊడ్చిపెట్టినట్టు చేసి మిగతా తొమ్మిది గంటలు కూర్చోవడమే మీ అసలు లోపం అనిపిస్తోంది. దాన్ని విడగొట్టండి. పొద్దున ఇరవై నిమిషాలు చాలు, మధ్యాహ్నం క్యారియర్ తిన్నాక ఆఫీసు ఆవరణలోనో మెట్ల దగ్గరో పది నిమిషాలు, రాత్రి భోజనమయ్యాక పదిహేను నిమిషాలు. రాత్రి నడక వీటన్నిట్లో ముఖ్యం, మన ఇళ్ళల్లో పెద్ద భోజనం అదే కాబట్టి. కుర్చీలో ఉన్నప్పుడు అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు తిరగండి, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి. వేగం ఎంత అంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మీరిప్పుడు గ్రౌండులో స్నేహితుడితో రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తున్నారని మీరే రాశారు, వాదన అంత సాఫీగా సాగుతోందంటే వేగం సరిపోలేదన్నమాట. మధ్యలో మూడు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మామూలుగా, అట్లా మూడు నాలుగు సార్లు మార్చి చూడండి.

ఇంకొకటి, మన మగవాళ్ళు ఎవరూ చేయనిది, ఆడవాళ్ళకైతే ఎవరూ చెప్పనిది: కండకు బరువు పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం కూడా చెప్పింది, మనం మొదటి సగం మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. మనవాళ్ళకు కండ తక్కువ, పొట్ట ఎక్కువ, చేతులు కాళ్ళు సన్నగా ఉండి లోపల కొవ్వుండే ఒళ్ళు మనది. పాతరే చిన్నదైతే ఎంత ఖాళీ చేసినా ఎంత పడుతుంది? జిమ్ అక్కర్లేదు. చేతులు ఊపకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, అది తేలికైతే బస్కీలు, బడిలో అయ్యవారు తీయించిన గుంజీలు గుర్తున్నాయా, అవి కూడా పనికొస్తాయి. గోడకు చేతులానించి దండీలు, అవి తేలికైతే మంచం పట్టె మీద. రెండు చేతుల్లో సగం నిండిన బకెట్లు పట్టుకుని మిద్దె మీదికి రెండు మూడు సార్లు. వారానికి రెండు రోజులు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మొదటి వారం తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగేటప్పుడు నన్ను తిట్టుకుంటారు, రెండో వారానికి సర్దుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మొండితనం వద్దు. మన ఎండలు 40 దాటుతాయి, పొద్దున ఆరున్నర లోపు ముగించేయండి, లేదంటే ఇంట్లోనే. చెమట ఎక్కువ పడితే కొవ్వు ఎక్కువ కరిగినట్టు కాదు, నీళ్ళు పోయినట్టు, అంతే. జ్వరం ఉన్నరోజు ఏ వ్యాయామమూ వద్దు.

మీరు ఇప్పటికైతే బిళ్ళలేవీ వాడటం లేదు కాబట్టి ఇబ్బంది లేదు. ఇది చదివే వాళ్ళలో గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ బిళ్ళలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళుంటే, నడక పెంచే ముందు మీ డాక్టరుతో డోసు మాట్లాడుకోండి, షుగర్ ఒక్కసారిగా పడిపోయి వణుకు, చెమటలు రావచ్చు, జేబులో గ్లూకోజో చక్కెరో ఉండాలి. నడిచేటప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నిలబడితే తగ్గుతుంటే అది గ్యాస్ కాదు, ఆ రోజే చూపించుకోండి. పొద్దున లేవగానే వేళ్ళ కణుపులు గంట దాకా బిగుసుకుపోయే వాళ్ళకు ఈ జవాబు వర్తించదు, అది వేరే ఇన్‌ఫ్లమేషన్, వేరే డాక్టరు.

మిషన్ అటకెక్కింది కదా, మరి ఎట్లా తెలుసుకోవాలి అంటే మీ మొలతాడును అడగండి. నవ్వకండి, నా పేషెంట్లలో టేపు లేనివాళ్ళకు నేను చెప్పే కొలత అదే. ఈరోజు ముడి ఎక్కడ పడుతోందో దాని మీద పెన్నుతో గుర్తు పెట్టి, నెలకోసారి చూడండి. టేపుంటే బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక కొలవండి, మనవాళ్ళలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. మీరు 38 సైజు ప్యాంటు అన్నారు, అంటే దాటి చాలా రోజులైంది. బరువు అక్కడే ఉండి ముడి అర అంగుళం లోపలికి జరిగితే చాలు.

హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు కాబట్టి నెలకోసారి చేయించి డబ్బు తగలేయొద్దు, సరిగ్గా మూడు నెలలకు చేయించండి. అప్పుడే లిపిడ్లు, సీఆర్‌పీ కూడా, అంతకుముందు రెండు వారాల్లో జ్వరం, జలుబు, పంటి నొప్పి లేకుండా చూసుకుని. ఈలోగా చిగుళ్ళు ఒకసారి పంటి డాక్టరుకు చూపించండి. రిపోర్టు రాగానే పెట్టండి, ట్రైగ్లిజరైడ్లు ఎంతకు దిగాయో చూసి బిళ్ళ కావాలో వద్దో అప్పుడు మాట్లాడుకుందాం. లిపిడ్లకు పన్నెండు గంటలు పరగడుపు ఉండాలి, ఆ ముందు రాత్రి ఎవరింట్లోనైనా పెళ్ళి భోజనం ఉంటే టెస్టు ఇంకో రెండు రోజులు జరపండి, ఓళిగలు తిని వచ్చి 300 చూపించి నా మీద పడొద్దు.